మ్యూట్‌లో జ్ఞానోదయం

మొన్న మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి మా మండలం వాట్సాప్ గ్రూపులో నా పేరు ఎర్ర రంగులో వెలిగింది. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నా పేరు అంత ప్రకాశంగా ఎక్కడా కనిపించలేదు. ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాలో సరేసరి. కింద ఇలా ఉంది: "ఆన్‌లైన్ కోర్సు పెండింగ్ ఉన్నవారు రేపు ఉదయం 10 లోపు పూర్తి చేయగలరు. మన మండలం 82 శాతంతో జిల్లాలో చివరి నుంచి మూడో స్థానంలో ఉంది." మా శాఖలో "చేయగలరు" అంటే విన్నపం కాదని చదువరులకి వేరే చెప్పక్కర్లేదు.

మనిషి బతికున్నంత కాలం నేర్చుకుంటూనే ఉండాలని పెద్దలు అన్నారు. రేపు 10 లోపు అని మాత్రం అనలేదు.

నిజానికి పై నుంచి వచ్చిన ఆలోచనలో లోపం లేదు. పేర్లే చూడండి, ఎంత పవిత్రంగా ఉన్నాయో. 2017లో టీచర్ల కోసం దీక్ష అనే వేదిక వచ్చింది. 2019లో నిష్ఠ అనే శిక్షణ వచ్చింది. 2020లో సర్కారు ఉద్యోగుల కోసం మిషన్ కర్మయోగి వచ్చింది. దీక్ష, నిష్ఠ, కర్మయోగం. ఇక నల్లబట్టలు, ఇరుముడి కూడా ఇచ్చేస్తే నేరుగా శబరిమల బయల్దేరొచ్చు. కర్మ చెయ్యి, ఫలం ఆశించకు అన్నాడు గీతలో కృష్ణుడు. మనవాళ్లు దాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు. ఫలం పీడీఎఫ్‌లో వచ్చేస్తుంది, కర్మ సంగతి ఎవరూ అడగరు.

2020 జాతీయ విద్యా విధానమైతే ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిలో ఎదగడానికి వాడుకోవాలంది. అందులో "అవకాశాలు" అన్న మాటే వాడారు. ఆ మాట ఢిల్లీలో బయల్దేరి జిల్లాకొచ్చేసరికి టార్గెట్టయింది, మండలానికొచ్చేసరికి శాతమయింది, మా ఇంటికొచ్చేసరికి ఎర్ర రంగయింది.

ఇక ఆ రాత్రి మా వంటింట్లో జరిగిన నిరంతర విద్యాభ్యాసం. గట్టు మీద కందిపప్పు డబ్బాకి నా ఫోను ఆనించాను. పక్కన మినప్పప్పు డబ్బాకి మా అబ్బాయి ఫోను, అందులో మా హెచ్ఎం మేడం లాగిన్. ఆవిడ మూడు నెలల్లో రిటైరవుతున్నారు. ఆవిడకి వచ్చిన మాడ్యూలు "వృత్తి జీవితంలో దీర్ఘకాలిక లక్ష్యాలు". నాది "శ్రద్ధగా వినడం". రెండూ ఒకేసారి మాట్లాడితే అన్నం సయించదని రెంటినీ మ్యూట్‌లో పెట్టాం. వీడియోని ముందుకి జరపడానికి లేదు, మధ్యలో స్క్రీన్ ఆరిపోతే మళ్లీ మొదట్నుంచీ. అందుకని రెండు నిమిషాలకోసారి వేలితో తట్టడానికి మా అమ్మని కూర్చోబెట్టాను.

మా అమ్మ బడి మొహం ఎరగదు. అయినా మండలం మొత్తం మీద ఆ కోర్సుని కళ్లార్పకుండా చూసిన విద్యార్థి ఆవిడ ఒక్కతే.

"ఆ పిల్ల ఇందాకట్నుంచీ తెగ మాట్లాడేస్తోందిరా, ఏమంటోంది?" అంది.

"ఎదుటివాళ్లు చెప్పేది జాగ్రత్తగా వినాలంటోందమ్మా."

"మరి వినవేరా?"

ప్రశ్న సిలబస్‌లో లేదు గనక వదిలేశాను. పదకొండున్నరకి పరీక్ష. గ్రూపులో ఓ సోదరుడు అప్పటికే కీ పెట్టాడు: 1-బి, 2-డి, 3-ఎ. అందరం భక్తిగా నొక్కాం. అందరికీ 40 శాతమే వచ్చింది. అది వేరే కోర్సు కీ అట. మన టీచర్లు కుంగిపోయే రకం కాదు. యాప్ ఎన్నిసార్లైనా రాయనిస్తుంది గనక రెండో విడతలో ఎక్కడ "పైవన్నీ" కనిపిస్తే అక్కడ నొక్కాను. 90 శాతం. శిక్షణల చరిత్రలో "పైవన్నీ" తప్పయిన సందర్భం నేనైతే చూడలేదు. తరగతిలో టీచరు ఓపికగా ఉండాలా, ప్రేమగా ఉండాలా, ముందే సిద్ధమై రావాలా? పైవన్నీ.

సర్టిఫికెట్ నా పేరు మీద వచ్చింది. న్యాయంగా దాని మీద ఉండాల్సింది మా అమ్మ వేలిముద్ర.

మర్నాడు బడిలో పరీక్ష. ఐదో తరగతి పిల్లాడు చొక్కా మడతలో చిట్టీ పెట్టుకుని దొరికాడు. "సిగ్గులేదూ, కాపీ కొడతావా?" అన్నాను. గొంతు బాగానే లేచింది గానీ వాడి కళ్లలోకి చూడలేకపోయాను. పాపం, వాడికి రెండో విడత కూడా లేదు.

అసలు నాకు చాలా ఏళ్లుగా ఒక్క సందేహం ఉంది. మా బడిలో ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. మేడం మీటింగుకి వెళ్తే ఒక్కణ్ణే. ఐదో తరగతిలో ఒక పాపకి గుణింతాలు వచ్చు, ఒత్తు తగిలిందంటే ఆగిపోతుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒకటో తరగతి వీధిలోకి పరిగెడుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు మీదున్న పిల్లలకి ఒకే గదిలో ఎలా చెప్పాలి? చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇది మూడుసార్లు అడిగాను. "అది తర్వాత చూద్దాం సార్, ముందు మీ పెండింగ్ సంగతి చూడండి" అన్నారు. దేశం మొత్తం మీద పల్లెల్లో సర్కారు బడి ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు పల్లె పిల్లల చదువుని లెక్కగట్టే అసర్ సర్వేలో 2024లో 44.8 శాతం. సగం కూడా లేరు! ఈ శాతాన్ని ఏ గ్రూపులోనూ ఎవరూ ఎర్ర రంగులో పెట్టరు. దీనికి రేపు 10 లోపు అన్న గడువు ఎవరూ పెట్టరు. అడిగినవాడికి జవాబు చెప్పరు, అడగనివాడికి సర్టిఫికెట్ ఇస్తారు. దీన్ని శిక్షణ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పోనీ నా ప్రశ్నకి జవాబు లోకంలో లేదా అంటే, మన రాష్ట్రంలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒంటి టీచరు బడులు నడుపుతున్నారు. పిల్లలు ఎవరి కార్డు వాళ్లు తీసుకుని ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి కొందరు సర్కారు టీచర్లు వచ్చి ఆ బడుల్లో కూర్చుని చూశారు. తిరిగెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే తయారు చేసుకున్నారు. అదే నలి కలి (ఆడుతూ నేర్చుకో) పేరుతో కర్ణాటక సర్కారు బడులకి పాకింది. పెరటి చెట్టు మనకి వైద్యానికి పనికిరాలేదు గానీ పక్కవాళ్లు వచ్చి ఆకు కోసుకెళ్లారు. నన్నూ ఒక్క వారం అలా ఓ బడిలో వెనక బెంచీ మీద కూర్చోనిస్తే చాలు. సర్టిఫికెట్ వద్దని కాగితం రాసిస్తాను. వెళ్దామంటే ఆన్ డ్యూటీ ఇచ్చేవాళ్లు లేరు. ఇచ్చినా ఆ వారం నా ఐదు తరగతుల్ని చూసేవాళ్లు లేరు.

మా మండలం 100 శాతానికి చేరింది. అభినందనగా గ్రూపులో పూలగుత్తి బొమ్మ, దాని కిందే రెండో భాగం లింకు పడ్డాయి. రేపు సాయంత్రం 5 లోపు.

అమ్మా, ఫోను చార్జింగులో పెట్టావా?