పేరు లేని బటన్ గారికి

బటన్ గారూ,

నమస్కారమండి. మిమ్మల్ని ఇంకేమని పిలవాలో తెలీక ఇలా పిలుస్తున్నాను. నాకు చూపు లేదండి, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మా ఎన్‌వీడీఏ. అది కూడా ఇంతకుమించి పిలవదు. టాబ్ కీ కొడితే "బటన్" అంటుంది. మళ్లీ కొడితే "బటన్". మూడోసారీ "బటన్". మీలో ప్రోగ్రాం నడిపేవారెవరో, రాసిందంతా చెరిపేసేవారెవరో నాకెలా తెలిసేదండీ?

మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా వైపు ఇంటిపేరు చెప్పకుండా ఎవరూ తప్పించుకోలేరు. బస్సులో పక్కన కూర్చున్నాయన ముక్తేశ్వరం వచ్చేలోపు మన ఊరు, ఇంటిపేరు, మేనమామలది ఏ ఊరు, అన్నీ లాగేస్తాడు. ఆయ్! అలాంటి గడ్డ మీద పుట్టి, రోజూ పాతికమంది పేరు లేనివాళ్ల మధ్య తిరగాల్సి వస్తోంది నాకు. మీ మొహం మీద త్రికోణం బొమ్మ ఉంటుందట, చూపున్నవాళ్లకు అది "నడుపు" అని ఇట్టే తెలిసిపోతుందట. ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో మరి.

ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్ నేర్చుకుందామని టౌన్లో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. సారు మంచాయనే. "ఐడిల్ తెరువు బాబూ, ప్రోగ్రాం రాసే కిటికీ అది, పైథాన్‌తో పాటే వస్తుంది" అన్నారు. తెరిచాను. అంతే, ఎన్‌వీడీఏ నోరు పడిపోయింది. బాణం కీతో పై వరుసకు వెళ్తే చదవదు, తప్పొస్తే ఏ తప్పో చెప్పదు. ఐడిల్‌ని కట్టింది కిటికీలు, బటన్లు గీసే టికింటర్ అనే సామానుతో. అది తెర మీద అక్షరాలు గీస్తుంది గానీ, గీసిందేమిటో స్క్రీన్ రీడర్ చెవిన వెయ్యదు. సారు ఆలోచించి, రంగు ముక్కల్ని మౌస్‌తో లాగి అతికించి ప్రోగ్రాం కట్టే సైటు పెట్టారు. "పసుపు ముక్కని నీలం ముక్క కిందకి లాగు, చాలా ఈజీ" అన్నారు. నాకు తెలిసిన పసుపు వంటింట్లో డబ్బాలో ఉంటుందండి.

"డబ్బు పెట్టి జాస్ అనే స్క్రీన్ రీడర్ కొనుక్కో, అన్నీ చదువుతుంది" అని ఒకాయన సలహా. ధర విని మా నాన్నగారు అది ఎన్ని కొబ్బరి దింపులవుతుందో లెక్కేసి, మధ్యలో ఆపేశారు. అయినా మీకే పేరు లేకపోతే ఎంత ఖరీదైన నోరు మాత్రం ఏం చదువుతుంది? ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైఖేల్ కరన్‌కీ చూపు లేదు. ఈమాక్స్ అనే ఎడిటర్‌ని మాట్లాడించే ఈమాక్‌స్పీక్‌ని 1995లో బయటపెట్టిన టి.వి. రామన్‌కీ లేదు. మీవాళ్లు మిమ్మల్ని పట్టించుకోకపోతే మావాళ్లే పూనుకోవాల్సొచ్చింది.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ముందు పెళ్లిచూపులు పెడుతున్నాను. (చూపులు లేవు కదా అనకండి, వినికిడి ఉంది.) మౌస్ పీకేసి టాబ్ కొట్టుకుంటూ వెళ్తాను. పేరు చెప్పనివాళ్లు ముగ్గురు తగిలితే సంబంధం వద్దంటాను. అలా కుదిరింది ప్రోగ్రాంలు రాసుకునే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్. ఎఫ్8 కొడితే తప్పున్న చోటికి తీసుకెళ్లి ఏమిటో చదువుతుంది.

పైథాన్‌లో వరుస ముందు ఖాళీలే ప్రాణం కదా, ఏది దేని లోపలిదో అవే చెబుతాయి. ఎన్‌వీడీఏలో వాటిని స్వరాలుగా వినే ఏర్పాటుంది. ఒక్కో ఖాళీకీ శ్రుతి కొంచెం పెరుగుతుంది, టాబ్ అయితే 4 ఖాళీలంత. ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఫర్ రాస్తే హార్మోనియం మెట్లెక్కినట్టుంటుంది. ఓ రాత్రి పదకొండింటికి ఒక వరుస అపశ్రుతి పలికింది. వెళ్లి లెక్కపెడితే 4 ఉండాల్సిన చోట 3 ఖాళీలు. పక్క గదిలోంచి అమ్మ "ఏంట్రా ఆ కూతలు, పడుకో" అని కేకేసింది. సంగీతం రానివాడికి తప్పు చెవిన పడిన ఆనందం అమ్మకేం తెలుసు.

మీకు పేరు పెట్టడం పెద్ద పనేం కాదండీ. పేజీ కోడ్‌లో ఏరియా-లేబుల్ అని ఒక్క ముక్క రాసి, పక్కన పేరు రాస్తే అయిపోయె. బారసాలలో పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయడానికి ఇంతకంటే ఎక్కువ టైం పడుతుంది. పైగా భోజనాలు కూడా పెట్టక్కర్లేదు.

మొన్న నేనే మీవాణ్ణొకణ్ణి పుట్టించాను. నాన్నగారి దింపు లెక్కలకు చిన్న పేజీ. నా బటన్‌కి "దింపు లెక్క చేర్చు" అని నిండుగా పేరు పెట్టాను. టాబ్ కొట్టగానే ఎన్‌వీడీఏ ఖంగున చదివింది. గర్వంగా నాన్నగారిని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇక్కడేం లేదురా" అన్నారు. చెల్లి వచ్చి ఒకటే నవ్వు. పేజీ తెలుపు, బటన్ తెలుపు, దాని మీద అక్షరాలూ తెలుపేనట.

"టాబ్ కొట్టండి నాన్నగారూ, అదే చెబుతుంది" అన్నాను.

ఇట్లు,
ఇంటిపేరుతో సహా పేరున్నవాడు