తాళంచెవుల గుత్తికి ఒక ముసలి నడుము రాసుకున్న ఉత్తరం

మహాలక్ష్మీ సమానురాలైన తాళంచెవుల గుత్తికి,

మా అత్తగారి మొలలోంచి నా మొలలోకి నువ్వొచ్చి 31 ఏళ్ళు. ఆవిడ ఆఖరి రోజు ఇంకా నా కళ్ళముందే ఉంది. మేం నోట్లో తులసి తీర్థం పోస్తున్నాం, చెవిలో నారాయణ నామం చెబుతున్నాం. ఆవిడ చెయ్యి మాత్రం దిండు కింద నీకోసం తడుముకుంటోంది. నీ గలగల వినపడ్డాకే ఊపిరి నెమ్మదించింది. నారాయణుడికి దక్కాల్సిన పేరు నువ్వు కొట్టేశావు.

వదిలేయడం మాకు రాదనుకోకు. కాశీ, గయ వెళ్ళొచ్చాం. ఇష్టమైన కాయా, పండూ వదిలేయాలన్నారు. మావారు పొట్లకాయా, డ్రాగన్ ఫ్రూటూ వదిలేశారు. మొదటిది పెళ్ళయినప్పటి నుంచీ కంచంలో పక్కకు నెట్టేదే. రెండోదాన్ని బజారులో చూడటమే కానీ ఏనాడూ నోట పెట్టలేదు. మామిడిపండు జోలికి మాత్రం పోలేదు! నేను నిజాయితీగా పనసపండు వదిలాను. షుగర్ వచ్చాక డాక్టరు ఎలాగూ మానేయమన్నాడనుకో. కోపం కూడా వదిలేయమన్నారు పురోహితులు. మావారు అది వదల్లేదని దక్షిణ దగ్గరే తేలిపోయింది.

నిన్ను వదలమని ఎవరూ అనలేదు. అన్నా వినేదాన్ని కాదు.

మొన్న తీరిగ్గా బీరువా తెరిచాను, నువ్వింత కాపలా కాస్తున్నది దేనికో చూద్దామని. ఎవరో నాకు పెడితే ఇంకెవరికో పెడదామని దాచిన జాకెట్ ముక్కలు. కట్టుకుంటే నలుగుతుందని దాచిన గద్వాల చీర, మడతల దగ్గర చివికిపోయి. దాని మధ్యలో పాత 500 నోట్లు నాలుగు! 2016 నవంబరులో ఊరంతా బ్యాంకుల ముందు క్యూ కడితే ఇవి నీ చాటున హాయిగా నిద్రపోయాయి. రద్దయిన నోట్లు పదికి మించి ఉంచుకోకూడదని చట్టం. నాలుగే కాబట్టి నీకూ నాకూ టెన్షన్ తప్పింది.

అసలు సంగతి వేరే ఉంది. పోయినేడాది ధైర్యం చేసి లివింగ్ విల్ రాశాను, కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ పెట్టి సాగదీయొద్దని. 2018లో సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ చాలు. అన్నీ ముగించి, మనసు తేలికై ఇంటికొచ్చి, ఆ కాగితం ఎక్కడ పెట్టానో తెలుసుగా? బీరువా లోపలి లాకర్లో. నిన్ను మొలలో దోపుకున్నాను. రేపు నేను ఐసీయూలో స్పృహ లేకుండా పడి ఉంటే, నన్ను పోనివ్వమన్న కాగితం తాళం వెనకాల ఉంటుంది. నువ్వేమో ఆసుపత్రివాళ్ళు విప్పిచ్చిన బట్టల సంచిలో ఉంటావు.

అందుకే ఆదివారం కోడల్ని పిలిచి, గొంతు కాస్త వణికిస్తూ, నిన్ను చేతిలో పెట్టబోయాను. ఇదే చేతికి రావాలని కొత్తకోడలిగా వచ్చి 14 ఏళ్ళు ఎదురుచూశాను మరి. తను ఫోన్‌లోంచి తలెత్తి, "అత్తయ్యా, ఆ బీరువా మా ఫ్లాట్‌లో పట్టదు. ఆన్‌లైన్‌లో అమ్మేద్దామా?" అంది.

ఇవాళ పొద్దున నిన్ను వంటింట్లో క్యాలెండరు మేకుకి తగిలించాను, అందరికీ కనపడేలా. నడుము దగ్గర ఏదో వెలితిగా ఉంది. ఈ ఉత్తరం రాస్తూ మూడుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చాను. ఉన్నావు.

ఇట్లు,
31 ఏళ్ళు నిన్ను మోసిన నడుము