సవరణ: డాక్టర్లకు అయిదేళ్లకోసారి పరీక్ష లేదు
మన డాక్టర్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం అయిదేళ్లకోసారి పరీక్ష రాయాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చదివాను, ఇక్కడే హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరు గారినీ అడిగాను. ఉన్నది అయిదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈ, అంటే వైద్య సదస్సులకు హాజరు. ఆవిడ ఫైలు తెరిచి చూపించారు: అన్నీ సర్టిఫికెట్లే, ఒక్కోదాని మీద క్రెడిట్ గంటలు. మార్కులు ఎక్కడా లేవు. హాజరు తెలుస్తుంది గానీ, పొట్ట నొక్కి చూసి జబ్బు పసిగట్టే నేర్పు ఆ కాగితాల్లో తెలియదు. నా బాధ అదే.

బ్రిటన్‌లో 2012 డిసెంబరులో మొదలైన రీవాలిడేషన్ (డాక్టరుకు లైసెన్సు కొనసాగించాలా అని చూసే పద్ధతి) కూడా పరీక్ష కాదు. ఏటా అప్రైజల్, అంటే పనితీరు సమీక్ష ఉంటుంది, రోగులూ తోటి సిబ్బందీ చెప్పిందీ చూస్తారు. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇదీ పంపండి.