నోట్‌బుక్ గారికి ఒక ఉత్తరం

నల్లగొండ,
ఆదివారం రాత్రి

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ గారికి,

మిమ్మల్ని "గారు" అంటున్నానని ఆశ్చర్యపోకండి. మూడేళ్లుగా మా ఇంట్లో నిండుతున్నది మీరొక్కరే.

క్లాక్ టవర్ దగ్గర మిమ్మల్ని కొన్నది కథ రాద్దామనే. అయితే వంట నేర్చుకునేవాడు ముందు చెయ్యి తిరిగినవాళ్ల పొయ్యి చూడాలి కదా అని, పెద్ద రచయితలు ఎలా రాశారో మొదటి పేజీల్లో కాస్త ఎక్కించుకున్నా. ఆ "కాస్త" 112వ పేజీకి వచ్చింది. కథ మాత్రం "ఆ రోజు సాయంత్రం" దగ్గరే ఆగింది. మూడేళ్లుగా ఆ ఊళ్లో పొద్దు గూకడం లేదు.

మీ 4వ పేజీలో హెమింగ్వే ఉన్నాడు. నిలబడి రాసేవాడట. నేనూ ఫ్రిజ్ మీద కాగితం పెట్టుకుని నిలబడితే మా ఆవిడ "నడుం పట్టిందా?" అంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే ఆ రోజుకు ఆపెయ్యాలని కూడా ఆయన చెప్పాడు. బంగారం లాంటి మాటే. కాని ఆపాలంటే బండి ముందు కదలాలి.

జపాన్ రచయిత మురకామి నవల రాసే రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదారు గంటలు రాసి, ఆ తర్వాత పది కిలోమీటర్లు పరుగెత్తుతాడు, లేదంటే ఈత కొడతాడు. రాయడం తర్వాత చూద్దామని నేను పరుగుతో మొదలుపెట్టా. మిగతాది పానగల్ రోడ్డు కుక్కలు చూసుకున్నాయి.

ఆంథొనీ ట్రోలప్ నాలాగే ఉద్యోగి, తపాలా శాఖలో. పొద్దున ఐదున్నరకు కూర్చుని, ఎదురుగా వాచీ పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. నేను ఫోన్ పెట్టుకున్నా. పావుగంటకు పదకొండు మాటలు, అందులో మూడు తేదీవే.

అన్నట్టు, మీలో వట్టికోట ఆళ్వారుస్వామికి ఒక్క పేజీ కూడా లేదు. ఈ జిల్లాలోనే పుట్టి, పుస్తకాల మూటతో ఊరూరూ తిరిగి అమ్మి, జైలుకెళ్లి, అక్కడ చూసిన ఖైదీల మీద కథలు రాసిన మనిషి. ఎన్నింటికి లేచేవాడో, ఏ కుర్చీలో కూర్చునేవాడో నాకు దొరకలేదు. అందుకని వదిలేశా.

ఇక మీ 61వ పేజీ సంగతి. జర్మన్ కవి షిల్లర్ బల్ల సొరుగులో కుళ్లిన యాపిళ్లు పెట్టుకునేవాడట, ఆ వాసన లేనిదే పని సాగదట. ఓసారి ఆ బల్ల ముందు కూర్చున్న తోటి కవి గేటేకు తల తిరిగిపోయింది. మనది బత్తాయి జిల్లా, యాపిల్ దేనికని నాలుగు బత్తాయిలు సొరుగులో పడేశా. వారానికి తొక్క మీద తెల్లటి నూగు లేచింది, అది మెల్లగా ఆకుపచ్చ బూజైంది. అడుగు కాయ మెత్తబడి, కారిన రసానికి రేషన్ కార్డు జిరాక్స్ అతుక్కుపోయింది. ప్రేరణ రాలేదు గాని సన్న ఈగలొచ్చాయి.

వాసన పట్టుకుని మా అమ్మ వచ్చి సొరుగు లాగింది. "ఎలుక సచ్చిందనుకున్న గదరా!" తిడుతుందేమో అనుకున్నా. ఒక కాయ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ మా నాయన తోట ముచ్చట ఎత్తుకుంది. కాయ తూకమేసే రోజు దళారి టన్నుకు ఇంతని "సూట్" అనే తరుగు కింద తీసేసేవాడు.

"మీ నాయన ఆడ ఒక్క మాట అనలే. ఇంటికొచ్చి నా మీద అరిసిండు, కూరల ఉప్పెక్కువైందని. ఆ పొద్దు నేను కూరే వండలేదు. పచ్చిపులుసు చేసిన."

క్షమించాలి, అప్పుడు మీ కోసం వెతకలేదు. ఎవరిదో పెళ్లి కార్డు దొరికితే దాని వెనక, మంచం మీద పడుకునే రాసేశా. ముప్పై లైన్లు. ఆ ఊళ్లో పొద్దు గూకింది, పచ్చిపులుసు గిన్నె ముందు ఒకాయన కూర్చున్నాడు.

అక్కడితో ఊరుకోవాల్సింది. పడుకుని రాసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని చూస్తే ట్రూమన్ కాపోటీ దొరికాడు. పడుకుంటే తప్ప ఆయనకు ఆలోచన సాగదట, పక్కన కాఫీ, సిగరెట్ ఉండాలట. 113వ పేజీ తెరిచి ఉంచండి. కాఫీ పెట్టుకుని వస్తా. సిగరెట్ సంగతి అమ్మ పడుకున్నాక.

ఇట్లు,
మీ ఓనరు