26 కిలోల సంచి చెప్పని సంగతులు

కిరాణా కొట్టు ముందు పేర్చిన బియ్యం సంచుల మీద బరువు ఎంత రాసి ఉందో చూడండి. చాలావాటి మీద 26 కిలోలని ఉంటుంది. ఆ అదనపు కిలో కొనేవాళ్ల మీద ప్రేమతో వచ్చింది కాదు. 2022 జులై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అంతకుముందు ఆ పన్ను రిజిస్టర్డ్ బ్రాండ్లకే ఉండేది. కొత్త నిబంధన 25 కిలోల వరకే వర్తిస్తుంది కాబట్టి మిల్లర్లు ఇంకో కిలో పోసి సంచి కుట్టేశారు. కిలో 60 రూపాయల బియ్యమైతే పాతిక కిలోల మీద 75 రూపాయల పన్ను తప్పినట్టు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, కొనేవాళ్లకూ అంతో ఇంతో లాభమే.

కాకపోతే ఆ 25 కిలోల గీత పన్ను కోసమే గీసింది కాదు. తూనికలు కొలతల శాఖ ప్యాకేజీ నిబంధనల్లో ఉన్నదీ అదే గీత. అది దాటితే గరిష్ఠ ధర, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ముద్రించి తీరాలన్న షరతులు ఆ చట్టం కింద వర్తించవు. ఆహార భద్రత నిబంధనలు వేరే ఉన్నాయి, వాటి ప్రకారం తేదీ వేసేవాళ్లూ ఉన్నారు. అయితే అది సంచి నింపిన తేదీ. వడ్లు ఏ పంటవి, ఏ రకం, మర ఎప్పుడు ఆడించారు అన్నవి చెప్పమని చిన్న ప్యాకెట్‌నూ ఎవరూ అడగరు, పెద్ద సంచినీ అడగరు. సంచి మీద దేవుడి బొమ్మో, నెమలి బొమ్మో, 'ప్రీమియం' అన్న మాటో ఉంటుంది. మిగతాదంతా కొట్టు యజమాని నోటి మాట. ఆ నోటి మాటల్లో అన్నిటికంటే ఖరీదైనది 'పాత బియ్యం'.

పాత బియ్యం అన్నప్పుడు అందులో రెండు వయసులు దాగి ఉంటాయి. వడ్లుగా గోదాములో ఎన్నాళ్లు ఉన్నాయన్నది ఒకటి, పొట్టు తీసి బియ్యం చేశాక ఎన్నాళ్లయిందన్నది రెండోది. మొదటిది ఎంత పెరిగితే అన్నానికి అంత మంచిది. రెండోది ఎంత పెరిగితే పురుగుకూ ముక్కిన వాసనకూ అంత దగ్గర. గాదెలో, గుమ్మిలో వడ్లు పోసుకుని నెలకింతని మరకు పట్టుకెళ్లిన తరానికి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లు పాతబడనిచ్చింది వడ్లను, తిన్నది తాజాగా ఆడించిన బియ్యాన్ని. మనం ఇప్పుడు కొంటున్న సంచిలో ఆ రెండు వయసులూ కలిసిపోయి ఒకే మాటగా అమ్ముడవుతున్నాయి. ఏడాది పాత వడ్లను నిన్న ఆడించినా పాత బియ్యమే, కొత్త వడ్లను ఆడించి ఎనిమిది నెలలు గోడౌన్‌లో పడేసినా పాత బియ్యమే.

నిల్వ ఉన్నకొద్దీ గింజలోని పిండి పదార్థం, మాంసకృత్తుల అమరిక మారి గట్టిపడుతుంది. ఉడికేటప్పుడు నీళ్లు ఎక్కువ లాగుతుంది, గంజిలోకి పిండి తక్కువ వదులుతుంది. అందుకే పాత బియ్యం ఒదుగు ఎక్కువ, అన్నం పొడిపొడిగా వస్తుంది. కొత్త బియ్యానికి అవే నీళ్లు పోస్తే ముద్దవుతుంది. ఈ మార్పు వడ్లలోనూ జరుగుతుంది, బియ్యంలోనూ జరుగుతుంది. కానీ వడ్లకు పైన పొట్టు రక్షణగా ఉంటుంది. బియ్యం చేశాక గింజకు అంటుకుని మిగిలిన తవుడులోని నూనె గాలి తగిలి చెడుతూ ఉంటుంది, ముక్కిన వాసన చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. దంపుడు బియ్యం తొందరగా పాడయ్యేది కూడా ఇందుకే. ఆరోగ్యం కోసమని దంపుడు బియ్యం నాలుగు నెలలకు సరిపడా కొనిపెట్టుకోవడం తెలివైన పని కాదు.

కొత్త బియ్యం అంటే నాసిరకం అనుకోవడమూ పొరపాటే. సంక్రాంతికి అరిసెల పాకం పట్టేవాళ్లను అడగండి, పాత బియ్యం పిండితో అరిసె విరిగిపోతుందంటారు. పొంగలికీ పాయసానికీ కొత్తవే బాగుంటాయి. కొత్త బియ్యం కొత్త బియ్యంగా, ఆ ధరకే అమ్మితే ఎవరికీ బాధ లేదు.

కొట్లో 'ఆరు నెలల పాతవి' అనగానే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మంచి అలవాటు. మన దగ్గర సన్నాలు ఎక్కువగా వానాకాలం పంట, కోస్తాలో సార్వా అంటారు. నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తాయి. యాసంగి, అంటే దాళ్వా, ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. ఫిబ్రవరిలో ఎవరైనా ఆరు నెలల పాతవి అన్నారంటే ఆగస్టులో కోసిన వడ్లని అర్థం. ఆగస్టులో మన దగ్గర నాట్లు ఉంటాయి గానీ సన్నాల కోతలు ఎక్కడివి? అవి నిరుటి వానాకాలంవైతే పద్నాలుగు నెలల పైమాటే, యాసంగివైతే తొమ్మిది పది నెలలు, మొన్నటి పంటవైతే రెండు మూడు నెలలు. ఈ మూడింటిలో ఏదో తేల్చమంటే నిజంగా తెలిసిన వ్యాపారి వెంటనే చెప్తాడు. తెలియనివాడు 'గ్యారంటీ సార్, మా ఇంట్లో ఇవే తింటాం' అంటాడు.

రంగు చూసి వయసు చెప్పేస్తామనేవాళ్లు స్టీమ్ బియ్యం దగ్గర బోల్తా పడతారు. పాతబడిన బియ్యం తెల్లదనం తగ్గి కొంచెం మీగడ రంగుకు వస్తుందన్నది నిజమే. ఆవిరి పట్టిన వడ్ల బియ్యమూ అదే రంగులో ఉంటుంది. ఉప్పుడు బియ్యంలా నానబెట్టి ఉడికించకుండా, వడ్లకు కాసేపు ఆవిరి పట్టి ఆరబెట్టి ఆడించడమే స్టీమ్ పద్ధతి. దీనివల్ల గింజ గట్టిపడి మరలో నూక తక్కువ పడుతుంది, అన్నం పొడిగా వస్తుంది. అంటే నెలలు ఆగి సంపాదించాల్సిన గుణంలో కొంత, కొత్త వడ్లకు గంటల్లో వచ్చేస్తుంది. స్టీమ్ బియ్యం మోసం కాదు, చాలా ఇళ్లలో కావాలనే కొంటారు. దాన్ని పాత రా బియ్యం, అంటే ఆవిరి పట్టకుండా ఆడించిన పాత బియ్యం ధరకు కట్టబెడితే మాత్రం మోసమే. దోసిట్లోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తే కొంత తెలుస్తుంది. ఆవిరి పట్టిన గింజలు గాజుముక్కల్లా ఒకే తీరుగా ఉంటాయి, గింజ మధ్య సున్నపు చుక్కలాంటి తెల్ల పొట్ట దాదాపు కనిపించదు.

మిగతా పరీక్షలు పెద్దవాళ్లు చేసేవే. గింజను పంటి కింద పెడితే పాతది టక్కున విరుగుతుంది, కొత్తది మెత్తగా నలిగి పంటికి అంటుకుంటుంది. గుప్పెడు బియ్యం అరచేతుల మధ్య నలిపినప్పుడు తెల్లటి పొడి ఎక్కువగా అంటితే సరిగ్గా జల్లించలేదనో, పురుగు తొలిచిందనో అనుమానించాలి. వాసన చూసేటప్పుడు సంచి మూతి దగ్గర కాదు, లోపలికి చెయ్యి పెట్టి తీసిన బియ్యాన్ని చూడాలి. సంచికి గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టం హోల్‌సేల్ కొట్లలో ఉంటుంది, అడగడానికి మొహమాటం ఎందుకు? నూక ఎంత ఉందో తెలియాలంటే వంద గింజలు విడదీసి ముక్కలు లెక్కపెట్టడమే. రేషన్ కోసం సేకరించే రా బియ్యంలో 25 శాతం దాకా నూకను అనుమతించడం ఏళ్లుగా ఉన్న ప్రమాణం. కిలో అరవై పెట్టి కొనేచోట అందులో సగం ఉన్నా ఎక్కువే.

ఇన్ని పరీక్షల్లో ఒక్కటే చేయమంటే నేను వండి చూడమంటాను. పెద్దమొత్తంలో కొనేముందు అదే లాట్ నుంచి కిలో తెచ్చుకోవాలి. కుక్కర్‌లో కాదు, గిన్నెలో ఎసరు పెట్టి వండాలి. ముప్పావు వంతు ఉడికాక గరిటెతో నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నొక్కితే అన్నీ ఒకేలా ఉన్నాయా, కొన్ని మెత్తబడి కొన్నింటిలో ఇంకా పలుకు ఉందా తెలుస్తుంది. కొత్తా పాతా కలిపినా, రెండు రకాలు కలిపినా అక్కడ దొరికిపోతుంది. మరలో ఎంత మెరుగు పెట్టినా, రంగు గింజల్ని యంత్రంతో ఎంత ఏరినా ఎసట్లో దాచడం కుదరదు.

రకాల పేర్ల సంగతి ఇంకో అడవి. సోనా మసూరి అని మనం కొనేది చాలావరకు బీపీటీ 5204, లేదా దాన్ని పోలిన మరో సన్న రకం. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన ఆ సాంబ మసూరి రుచికి నలభై ఏళ్లుగా తెలుగువాళ్ల నోరు అలవాటు పడింది. హెచ్‌ఎంటీ మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే ఎంపిక చేసిన రకం, అప్పట్లో మోజున్న చేతి గడియారం పేరు దానికి తగిలించారు. హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 తెలంగాణ సోనా. దానికి గ్లైసీమిక్ సూచీ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత) తక్కువన్న పేరుంది, ఆ పేరు పట్టుకుని కొందరు 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అమ్మేస్తున్నారు. షుగర్ లేని బియ్యం ఎక్కడా పండదు. ఏ రకమైనా గ్లాసుడు అన్నంలో ఉండేది పిండి పదార్థమే.

ఇంత గందరగోళంలో జనం భయపడింది మాత్రం ప్లాస్టిక్ బియ్యానికి. 2017 వేసవిలో అన్నం ముద్దను బంతిలా నేలకేసి కొట్టిన వీడియోలు ఊరూరా తిరిగాయి. పిండి జిగురున్న అన్నం ముద్ద చేస్తే ఎగురుతుంది, అందులో వింతేమీ లేదు. బియ్యం కంటే ప్లాస్టిక్ ఖరీదన్న చిన్న లెక్క ఎవరూ వేయలేదు. ఆ తర్వాత రేషన్ బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపిన ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 గింజలనూ ప్లాస్టిక్ అని ఏరి పారేసిన ఇళ్లున్నాయి. పక్కనే కొత్త బియ్యం పాతవిగా, చవక రకం సోనాగా అమ్ముడుపోతుంటే వీడియో తీసినవాళ్లు లేరు.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొనడం సంగతికొస్తే, నలుగురున్న ఇంటికి నెలకో సంచి పడుతుందనుకుంటే మూడు క్వింటాళ్లు. రెండు గదుల ఫ్లాట్‌లో, వానాకాలం తేమలో అంత బియ్యం పెట్టుకోవడం నాకు నచ్చని పద్ధతి. బియ్యంలో తేమ 14 శాతం దాటితే నిల్వకు పనికిరాదు. నేల మీద, గోడకు ఆనించి పెట్టిన సంచి అడుగున ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. ముక్కు పురుగు గుడ్లు గింజ లోపలే ఉంటాయి, పైకి శుభ్రంగా కనిపించిన సంచిలోంచి రెండు నెలలకు పురుగులు రావడం అందుకే. పురుగు పట్టిందని మండుటెండలో ఆరబోస్తే పురుగు పోతుంది, గింజ బీటలు వారి అన్నం నూకన్నం అవుతుంది. నీడన, గాలి తగిలేచోట ఆరబెట్టుకోవాలి.

వేపాకు, ఎండుమిర్చి వేసినా నష్టం లేదు, లాభం కూడా మహా గొప్పగా ఉండదు. బోరిక్ పౌడర్ కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది తిండిలో కలపడానికి అనుమతి ఉన్న పదార్థం కాదు, కడిగితే పోతుందన్న నమ్మకం మీద నడిచిపోతోంది. ఇక గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో బియ్యం డబ్బాలో వేయడం ప్రాణాలతో ఆట. గాలిలో తేమ తగిలితే చాలు వాటి నుంచి విషవాయువు వస్తుంది. మూసిన పడకగదిలో అది మనుషుల్నే చంపుతుంది.

2023 జులై 20న కేంద్రం బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు వరస కట్టి సంచుల మీద సంచులు ఎత్తుకెళ్లారు. కొన్నిచోట్ల మనిషికింతేనని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. అప్పుడు సంచి వెనక ఏం రాసుందో చదివినవాళ్లు ఎందరుంటారు? నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరులో. ఏడాదికి పైగా నిల్వ పెట్టినవాళ్ల గరాజ్‌లలో ఆ బియ్యం ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఒకేసారి కొనాలన్న కోరిక తప్పు కాదు, కొనే సరుకు మారాలి. సొంతూళ్లో తెలిసిన రైతు ఉంటే, లేదా అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిస్తే, డిసెంబరులో ఎండిన వడ్లు కొని ఊళ్లోనే ఉంచి రెండు మూడు నెలలకోసారి మర ఆడించుకోవచ్చు. వంద కిలోల వడ్లకు 67 కిలోల బియ్యం ప్రభుత్వ సేకరణలో మిల్లర్లకు పెట్టే లెక్క. చిన్న మరలో ఇంకాస్త తగ్గినా ధర గిట్టుబాటు అయ్యేదీ లేనిదీ ముందే తేలిపోతుంది. అది కుదరని వాళ్లకు రెండు నెలల బియ్యం చాలు.

ఇందులో రైతు వాటా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, ఆరబెట్టే చోటు లేక, అప్పు ఆగనివ్వక కల్లంలోనే అమ్మేస్తాడు. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ మధ్య కిలోకు ఉండే తేడా అంతా వడ్లు దాచుకోగలిగిన గోదాము యజమానిది. సంచి మీద పంట కాలం, రకం పేరు ఉంటే వడ్లు ఆపుకోగలిగిన రైతో, రైతుల సంఘమో 'ఇది నిరుటి వానాకాలం బీపీటీ' అని ధైర్యంగా ధర చెప్పగలుగుతుంది. ఇప్పుడు చెప్పినా పక్కన నెమలి బొమ్మ సంచి వాడూ అదే మాట అంటాడు.

ఇదంతా అసాధ్యమేమీ కాదు. బాస్మతికి 2023 ఆగస్టు 1 నుంచి ఆహార భద్రత సంస్థ ప్రత్యేక ప్రమాణాలు పెట్టింది. గింజ పొడవు, ఉడికాక సాగే నిష్పత్తి, వేరే బియ్యం ఎంతవరకు కలవచ్చు అన్నవన్నీ అందులో ఉన్నాయి. దక్షిణాది ఇళ్లలో రోజూ తినే సన్నబియ్యానికి అలాంటి గుర్తింపు ప్రమాణం లేదు. తెలంగాణలో సన్నవడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇవ్వడానికి ప్రభుత్వం అర్హత ఉన్న రకాల జాబితా వేసింది, కొనుగోలు కేంద్రాల్లో గింజ పొడవు, వెడల్పు కొలిచే పరికరాలు పెట్టింది. అంటే కల్లం దగ్గర గింజ ఏ తరహాదో, ఏ పంటదో, ఏ తేదీన వచ్చిందో రాసే పద్ధతి వచ్చేసింది. ఆ కాగితం మిల్లు గేటు దాకా వెళ్తోంది. అక్కడి నుంచి సంచి మీదకు రకం, పంట, మర ఆడిన నెల అన్న మూడు ముక్కలు ఎక్కించమని మిల్లర్లకు చెప్పడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. సంచి 25 కిలోలదైనా 26 కిలోలదైనా.