ఏమీ లేదట, అంతా అడవేనట!

ఇప్పుడే జార్జియా రాజధాని టిబిలిసి చేరాం. కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఇది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

మా అమ్మాయి ఇక్కడ డాక్టరు చదువుతోందని మీకు తెలుసు. తనను చూడటానికి వచ్చిన మేమూ, తన స్నేహితురాలి అమ్మానాన్నలూ కలిసి ఈ రోజు వ్యాను మాట్లాడుకుని, ఒకప్పుడు జర్మన్లు కాపురమున్న బోల్నిసి అనే ఊరికి వెళ్లాం. ఆ నాన్నగారు (అన్నయ్యగారనే పిలుస్తాను, ఏం చేస్తాను) ఒక పాత జర్మన్ ఇంటి ముందు నిలబడి, జుట్టు సర్దుకుని వీడియో మొదలుపెట్టారు. "మిత్రులారా, ఇక్కడ ఒకప్పుడు ఏమీ లేదు. అంతా అడవి. జర్మన్లు వచ్చి వీళ్లకు ద్రాక్ష పెంచడం, వైన్ చేయడం నేర్పారు."

ఏమీ లేదట! గంట కిందటే ఈయన బోల్నిసి సియోని చర్చి ముందు ఫోటో దిగారు. 5వ శతాబ్దపు కట్టడం అది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి, దాని మీద చెక్కిన శిలువ. అక్కడి శాసనం జార్జియన్ లిపిలో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి. అడవిలో అక్షరాలు చెక్కింది ఎవరు, ఉడతలా? ఇక ద్రాక్ష సంగతి. పక్కనున్న మార్నెవులి ప్రాంతంలో తవ్వి తీసిన కుండపెంకుల్లో వైన్ ఆనవాళ్లు సుమారు 8,000 ఏళ్ల నాటివని 2017లో పరిశోధకులు ప్రకటించారు. వీళ్లకు వైన్ నేర్పడమంటే గుంటూరు వాళ్లకు గోంగూర పచ్చడి నేర్పడమే.

అన్నట్టు, వీడియో చివర "మేం చరిత్ర కోసమే వచ్చాం, ఒక్క చుక్క ముట్టలేదు" అని కూడా సెలవిచ్చారు. ఆ రెండు సీసాలు ఎవరి సంచిలో, తువ్వాలులో చుట్టి ఉన్నాయో నేను చెప్పను. తువ్వాలు మాత్రం మాది.

జర్మన్లను తక్కువ చేయడం లేదు నేను. 1816లో ఎండాకాలమన్నదే రాక పంటలు పోయాయి. క్రీస్తు మళ్లీ వచ్చే రోజు దగ్గర పడిందని నమ్మిన జర్మన్ రాజ్యం వుర్టెంబర్గ్ జనం 1817లో ఇటువైపు రావడానికి డాన్యూబ్ నది మీద పడవలెక్కారు. దారిలోనే రోగాలకు ఎంతమంది పోయారో. మొదట దిగిన చోటా రోగాలే. లేచి వచ్చి ఇక్కడి మషావేరా నది ఒడ్డున మళ్లీ ఊరు కట్టుకున్నారు. అప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలుతున్న రష్యా జార్ చెల్లెలు, వుర్టెంబర్గ్ రాణి కేథరీన్ పేరు మీద ఆ ఊరికి, అంటే ఇప్పటి బోల్నిసికి, కాథరీనెన్‌ఫెల్డ్ అని పేరు. 1826లో రష్యా, పర్షియా యుద్ధం నాడు ఊరి మీద దాడి జరిగింది. కొందరిని చంపారు, కొందరిని బానిసలుగా పట్టుకుపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ కట్టారు. ఒక ఇంటి నేలమాళిగలోకి దిగి చూశాను. మెట్లు నడిమధ్య అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. పీపాలు మోసిన కాళ్లవి ఆ గుంటలు.

ఆ కాళ్లు ఏమయ్యాయో ఆ వీడియోలో ఉందా? ఉంది, ఒక్క ముక్క: "తరువాత వాళ్లు వెళ్లిపోయారు." వెళ్లిపోయారా? పెళ్లి భోజనం చేసి తాంబూలం పుచ్చుకునా? 1941 అక్టోబరులో స్టాలిన్ ప్రభుత్వం ఊరినంతా కజకిస్తాన్‌కు తోలేసింది. జర్మన్లు కాని భర్తలున్న ఆడవాళ్లను మాత్రం వదిలిపెట్టింది. 1955లో ఆంక్షలు ఎత్తేశారు కానీ సొంత ఇళ్లకు తిరిగి వెళ్లే హక్కు ఇవ్వలేదు. వాళ్ల చర్చి వ్యాయామశాల అయింది. ముందు ఏమీ లేదు, తరువాత వెళ్లిపోయారు. అయిపోయింది చరిత్ర!

ఈ "ముందు ఏమీ లేదు" నాకు కొత్త కాదు. మా తాతయ్య కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, తుంగభద్ర ఆనకట్ట వచ్చాక కర్ణాటకలో గంగావతి వైపు నాలుగింతలు కొన్నారు. మాది ఆంధ్రా క్యాంపు, అంటే అలా వలస వెళ్లిన తెలుగు రైతుల ఊరు. ఏ పెళ్లికి వెళ్లినా మా పెదనాన్నది ఒకటే పాట: "మనం వెళ్లేదాకా అక్కడ ఏముంది, తుమ్మచెట్లు తప్ప?" పక్క ఊరి కన్నడ అవ్వ చేతి జొన్నరొట్టె తిని పెరిగినదాన్ని నేను. తుమ్మచెట్లకు జొన్నలు కాస్తాయా పెదనాన్నా అని ఒకసారి పందిట్లోనే అడిగాను. "ఆడపిల్లవు, భూముల సంగతి నీకెందుకు?" అన్నారు. పంపకాల్లోనూ అదే మాట. సెంటు రాలేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. రాయకుండా ఉండను.

వ్యానులో అన్నయ్యగారికి మెల్లగానే చెప్పాను, ఆ రెండు మాటలూ తీసేయండి అని. "చిన్న వీడియోకు అంత ఆవేశం ఎందుకమ్మా" అన్నారు. ఇప్పుడది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. నలభై మూడు మంది మెచ్చుకున్నారు. మొదటి లైకు మా ఆయనది. ఇదేమిటని అడిగితే, తువ్వాలు తడిసింది, ఆరేసి వస్తానని బాల్కనీలోకి వెళ్లారు.