గిట్ అడిగిన గోత్రనామాలు

కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో లెక్క రాసి దాచే సాఫ్ట్‌వేర్‌లు ఎస్‌వీఎన్, గిట్. మా ఆఫీసులో కోడ్‌ని ఎస్‌వీఎన్ నుంచి గిట్‌కి మార్చే శుభకార్యానికి శుక్రవారం సాయంత్రం ముహూర్తం పెట్టారు. శని, ఆదివారాలు ఖాళీయే కదా అన్నారు మేనేజర్ గారు, ఎవరికి ఖాళీయో చెప్పకుండా. ఎస్‌వీఎన్ మరీ ముసలిదైపోయిందట. దాని 1.0 వచ్చింది 2004లో, గిట్ పుట్టింది 2005లో. ఆ ఒక్క ఏడాదిలోనే ఎంత ముసలితనం వచ్చేసిందో పాపం.

కమాండ్ కొట్టి టీకి వెళ్లొచ్చేసరికి మొదటి రివిజన్ (అంటే కోడ్‌లో దాచిన మొదటి మార్పు) దగ్గరే ఆగిపోయి ఉంది. ఎస్‌వీఎన్ యూజర్‌నేమ్‌తో సరిపెట్టుకుంటుంది, గిట్‌కి పేరూ ఈమెయిలూ రెండూ కావాలి. మార్పులు చేసినవాళ్ల జాబితా రాసే ఆథర్స్ ఫైల్లో ఒక్క మనిషి తగ్గినా పని ఆపేసి కూర్చుంటుంది. ఎప్పుడో వచ్చి కామెంట్‌లో ఒక్క స్పెల్లింగ్ దిద్ది, పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిపోయినవాడి గోత్రం కూడా చెప్పాల్సిందే. తీరా చూస్తే మా మొదటి రివిజన్‌కి అసలు ఆథరే లేడు, ‘నో ఆథర్’ అని ఉంది. ఆ నో ఆథర్ గారికీ ఒక ఈమెయిల్ సృష్టించి పంక్తిలో కూర్చోబెట్టాం.

ఆదివారం రాత్రికి ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయింది. భయపడాల్సింది అక్కడే. హిస్టరీ 2016తో ఆఖరు! అసలు కోడ్ ట్రంక్ ఫోల్డర్లో, పక్కదారులు బ్రాంచెస్‌లో, గుర్తులు పెట్టిన కాపీలు ట్యాగ్స్‌లో అని అన్నీ పద్ధతిగా ఉంటాయని మేం చెప్పిన మాట నమ్మి, అది ట్రంక్ ఒక్కటే చదివింది. మావాళ్లేమో ఆ ఏడాది ట్రంక్ పాడైందని పక్కన ‘ట్రంక్_న్యూ’ తెరిచారు, అదీ చెడిపోయాక ‘ట్రంక్_ఫైనల్’కి కాపురం మార్చేశారు. ఈమాత్రం లోకజ్ఞానం లేని సాఫ్ట్‌వేర్‌ని జనం ఎలా వాడుతున్నారో.

మూడోసారి అన్నీ వివరంగా చెప్పి మార్చాం. ఈసారి కోడ్ అంతా వచ్చింది, అప్లికేషనే లేవలేదు. సగం రోజు పోయాక తెలిసింది, అది తన చిట్టా రాసుకునే ఖాళీ లాగ్స్ ఫోల్డర్ లేదని. గిట్ ఫైళ్లనే పట్టించుకుంటుంది, ఖాళీ ఫోల్డర్‌ని దాచదు. (మా ఆఫీసులో ఖాళీగా ఉన్నవాళ్లకే ముందు ప్రమోషన్, అది వేరే సంగతి.) విరుగుడు ఏమిటంటే లోపల ‘గిట్‌కీప్’ అని ఓ ఖాళీ ఫైల్ పడేయాలి, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసినట్టు.

ఎస్‌వీఎన్‌లో రివిజన్లకి ఒకటి, రెండు అని వరస నంబర్లుండేవి, గిట్ అయితే అంకెలూ అక్షరాలూ కలిపి పేరు పెడుతుంది. బుధవారం మా సీనియర్ గారు ఫోన్ చేశారు.

“ఏ రివిజన్‌లో పాడైందయ్యా?”

“సెవెన్ ఎఫ్ త్రీ ఏ నైన్ సార్.”

“రివిజన్ నంబరడిగానయ్యా, నీ బండి నంబరు కాదు.”